హాల్లో బతుకమ్మ: కంపెనీ పండుగ పని ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవి

(రామంతాపూర్‌లో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో ఆర్డర్ల కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోయినేడు మనం చేసిన పనుల్లో అందరూ ఎక్కువగా అడుగుతున్నది కంపెనీ వాళ్ల బతుకమ్మ పండుగ గురించి. ఫోటోలు చూసినవాళ్లు "మస్తుగా చేసిన్రు" అన్నరు. డబ్బులు ఎప్పుడొస్తయని నాలుగు నెలలు అడిగినవాళ్లూ ఉన్నరు. రెండూ నిజమే. అందుకే ఈరోజు మంచి సంగతులు, చెడ్డ సంగతులు రెండూ మీ ముందు పెడుతున్నాము. మేము చేసిన తప్పులు కూడా దాచకుండా చెప్తాము. ఇటువంటి పని మళ్లీ తీసుకోవాలా వద్దా అనేది చివర్లో మీరే తేల్చాలి.

పని ఎట్లా వచ్చింది

తార్నాక, హబ్సిగూడ వైపు ఆఫీసు ఉన్న ఒక కంపెనీ వాళ్లు మన మేళాలో సకినాలు, గరిజెలు కొన్నారు. నెల తర్వాత వాళ్ల హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేశారు. "మా స్టాఫ్ నాలుగు వందల మంది. దసరాకు ముందు జాతర లెక్క ఒక పండుగ చేయాలనుకుంటున్నాము. బతుకమ్మ, గాజుల దుకాణం, గోరింటాకు, మన తెలంగాణ తిండి అన్నీ మీరే చేస్తారా?" అని అడిగారు. వానాకాలం కదా, బయట గ్రౌండ్ వద్దని ఉప్పల్ వైపు ఒక హాలు మాట్లాడుకున్నామని చెప్పారు.

మేము సంతోషంతో వెంటనే సరే అన్నాము. అదే మొదటి తప్పు. ఏమేం అడగాలో తెలియక ముందే సరే అన్నాము.

తేదీ

వాళ్లు పెట్టుకున్న రోజు 2025 సెప్టెంబర్ 26, శుక్రవారం. శుక్రవారం సాయంత్రమైతే స్టాఫ్‌కు వీలుగా ఉంటుందని వాళ్ల ఆలోచన. మన సంఘంలోని ఒక పెద్దమ్మ క్యాలెండర్ చూసి నవ్వింది. "ఆ రోజు అలిగిన బతుకమ్మ బిడ్డా. ఆ రోజు ఎవరన్నా బతుకమ్మ పేరుస్తరా?" అన్నది.

మన పండుగకు తొమ్మిది రోజులు, తొమ్మిది పేర్లు. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన, వేపకాయలు, వెన్నముద్దలు, చివరికి సద్దులు. ఆరో రోజు అమ్మవారు అలిగిందని బతుకమ్మ చేయరు. ఈ సంగతి కంపెనీ మేడమ్‌కు చెప్తే ఆమె ఏమీ అనుకోలేదు. పైగా మంచిపని చేశారని ఒక రోజు ముందుకు, గురువారానికి మార్చారు. ఆ రోజు అట్ల బతుకమ్మ. నైవేద్యానికి అట్లు పెడదామంటే వాళ్లకూ నచ్చింది.

ఇంకో మేలు కూడా జరిగింది. ఆ శుక్ర, శనివారాల్లోనే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. శుక్రవారం అయ్యుంటే మన ఆడవాళ్లు రాత్రిపూట ఇండ్లు చేరేవాళ్లా అని ఇప్పటికీ అనుకుంటాము.

దీంతో ఒకటి నేర్చుకున్నాము. పండుగ గురించి మనకు తెలిసింది కంపెనీ వాళ్లకు తెలియదు. చిన్నబోకుండా, భయపడకుండా చెప్పాలి. వాళ్లు మన దగ్గరికి వచ్చింది ఆ తెలివి కోసమే.

హాలు చూడడం

హాలు చూడడానికి ముగ్గురం పోయాము. మొదటిసారి పోయినప్పుడు గోడల రంగు, లైట్లు, స్టేజీ చూసి వచ్చాము. అవి చూడడానికి పోనక్కరలేదు, ఫోన్‌లో కూడా కనిపిస్తాయి. రెండోసారి టేపు పట్టుకొని పోయాము. అప్పుడు అసలు సంగతులు తెలిసినాయి.

మొదటిది తలుపు. హాలు రెండో అంతస్తులో ఉంది. కంపెనీ వాళ్లు ఆరడుగుల బతుకమ్మ కావాలన్నారు. అదే పండుగలో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టారు. స్టేడియంకు తలుపు అడ్డం లేదు గానీ మనకు ఉంది. లిఫ్టు తలుపు మూడడుగులు కూడా లేదు. మెట్లు మలుపు తిరుగుతాయి. రామంతాపూర్‌లో పేర్చి తీసుకపోదామనుకున్నది కుదరదని అప్పుడు తెలిసింది. అడుగు తాంబాలం, వెదురు చట్రం విడివిడిగా తీసుకపోయి, పూలు గంపల్లో మోసి హాల్లోనే పేర్చాము. అట్లా చేయాలంటే హాలు మనకు మధ్యాహ్నం నుంచే ఇయ్యాలి. సాయంత్రం అయిదింటి నుంచే అంటే పని కాదు. ఈ గంటల మాట ముందే రాయించుకోవాలి.

రెండోది జాగా. బతుకమ్మ ఆడాలంటే గుండ్రంగా తిరగాలి, వంగాలి, చప్పట్లు కొట్టాలి. ఒక్కో మనిషికి మూడడుగులు కావాలి. మధ్యలో బతుకమ్మలు పెట్టి, అక్కడి నుంచి పది అడుగుల దూరంలో మొదటి వరుస వేస్తే ఆ చుట్టుకొలత సుమారు 63 అడుగులు, అంటే 21 మంది. పదహారు అడుగుల దూరంలో రెండో వరుసలో 33 మంది. ఇరవై రెండు అడుగుల దూరంలో మూడో వరుసలో 46 మంది. మొత్తం వంద మంది ఒకేసారి ఆడాలంటే ఆ గుండ్రం అడ్డంగా 44 అడుగులు. చుట్టూ నడవడానికి ఇంకో నాలుగైదు అడుగులు కలుపుకుంటే హాల్లో 52 నుంచి 55 అడుగుల చదరం ఖాళీగా ఉండాలి. కంపెనీ వాళ్లు ఆ జాగాలో నలభై రౌండ్ టేబుళ్లు వేయాలనుకున్నారు. ఈ లెక్క కాగితం మీద గీసి చూపిస్తే టేబుళ్లు సగం తీసేశారు. మిగతావాళ్లకు గోడ వెంట కుర్చీలు వేశాము. ఒక్కొక్కరికి కుర్చీ కంటే నిలబడి తిరిగే చోటు ఎక్కువ కావాలి, పండుగంటే అదే కదా.

మూడోది నేల. పాలరాయి నేల, మధ్యలో తివాచీ. తడి పూలు, గునుగు రంగు నీళ్లు పాలరాయి మీద పడితే జారుతుంది. తివాచీ మీద పడితే మరక పోదు. మేము కింద పట్టా పరిచాము గానీ చిన్నది పరిచాము. ఆ పొరపాటు మాకు ఎంతకు పడిందో తర్వాత చెప్తాము.

నాలుగోది మంట. హాలు లోపల పొగ పసిగట్టే మిషన్లు ఉంటాయి. దీపం పెట్టినా, అగరబత్తి గుత్తి ముట్టించినా మోగొచ్చు. గ్యాస్ సిలిండర్ లోపలికి రానియ్యరు, రానియ్యకూడదు కూడా. అందుకే లోపల బ్యాటరీ దీపాలు పెట్టాము. సర్వపిండి, అట్లు పోసే పొయ్యిలు కింద బయట షెడ్డులో, గాలి ఆడేచోట పెట్టుకున్నాము. ఇంట్లో వాడే ఎర్ర సిలిండర్ ఇటువంటి పనికి వాడొద్దు. 19 కిలోల కమర్షియల్ సిలిండరే తీసుకోవాలి.

అయిదోది బాత్‌రూమ్, మంచినీళ్లు. ఇది చిన్న మాట కాదు. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లం పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా అక్కడే ఉన్నాము. పనివాళ్లు గెస్టుల బాత్‌రూమ్ వాడొద్దని హాలు వాళ్లు ముందు అన్నారు. కంపెనీ మేడమ్ మాట్లాడితే ఒప్పుకున్నారు. ఇకమీదట మనమే ముందు అడగాలి.

పూలు, తిండి

పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లారుజామున నలుగురం పోయాము. బంతి, చామంతి అక్కడ దొరుకుతాయి. తంగేడు, గునుగు ఊర్ల నుంచి వచ్చేవాళ్ల దగ్గర కొనాలి. మా కమిటీలో ఒక అక్క చిన్నప్పుడు యూనివర్సిటీ క్యాంపస్ గుట్టల మీదికి పోయి తంగేడు తెంపుకొచ్చేదట. ఇప్పుడు రామంతాపూర్‌లో గజం జాగా ఖాళీ లేదు. పూవు కూడా కొనుక్కోవాల్సిందే. తెలంగాణ ఉద్యమం నడిచిన ఏండ్లలో ఆర్ట్స్ కాలేజీ ముందర విద్యార్థినులు బతుకమ్మ ఆడితే చూడడానికి పోయినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాకే ఆఫీసుల్లో, కంపెనీల్లో ఈ పండుగలు ఎక్కువైనాయి. మన చేతికి పని దొరికింది కూడా అప్పటి నుంచే.

తంగేడు తొందరగా వాడుతుంది. గునుగు రెండు రోజులైనా ఉంటుంది. అందుకే గునుగు ముందురోజే కట్టలు కట్టి, రంగు అద్ది, ఆరబెట్టుకోవాలి. తంగేడు, బంతి అదే రోజు తేవాలి. రంగు పూర్తిగా ఆరకపోతే చేతులకు, చీరలకు, తివాచీలకు అంటుతుంది.

తిండి సంగతి. పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగన్నం, మలీద ముద్దలు, అట్లు, సర్వపిండి, సకినాలు. వండినదాన్ని వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన ఉంచాలి, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపల ఉంచాలి. మధ్యలో గంటలు గంటలు ఉంచితే పాడవుతుంది. అందుకే పెరుగన్నం పొద్దున కలిపి పెట్టలేదు. అన్నంలో పాలు పోసి తీసుకపోయి, వడ్డించే ముందు పెరుగు కలిపాము. ఒక్కరికి కూడా కడుపునొప్పి రాలేదు. నాలుగు వందల మందికి వండిపెట్టి ఆ మాట చెప్పగలిగామంటే, మన వంట అక్కలకు ఈ సభ చప్పట్లు కొట్టాలి.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. చిన్న వ్యాపారాలకు మేము తీసుకున్నప్పుడు ఏడాదికి వంద రూపాయలే ఫీజు. ఆ నంబర్ లేకపోతే కంపెనీలు బిల్లు పాస్ చేయకపోవచ్చు.

మనం బొమ్మలం కాదు

పనికి వారం ముందు కంపెనీ వాళ్ల ఈవెంట్ మనిషి ఒక ప్లాన్ పంపారు. అందులో గడ్డి గుడిసె, ఎడ్లబండి చక్రం, బావి బొమ్మ ఉన్నాయి. బాగానే ఉంది. కింద ఇంకో మాట రాసి ఉంది. మన పెద్దవయసు అమ్మలు ఇద్దరు నెత్తిన కుండలు పెట్టుకొని ద్వారం దగ్గర మూడు గంటలు నిలబడాలట, వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారట.

ఆ కాగితం చదివి మాలో ఒక అమ్మ ఏమన్నదో చెప్తాము. "కుండ మోసే బాధ పోవాలనే కదా సంఘంలో చేరింది. నల్లా ఇంటికొచ్చినంక మళ్ల ఫోటో కోసం మొయ్యాల్నా?" అన్నది. మేము ఆ మాటే మర్యాదగా మేడమ్‌కు చెప్పాము. "వాళ్లు పూలు పేర్చడం చూపిస్తారు. పాట చెప్తారు. మీ పిల్లలకు గునుగు ఎట్లా కట్టాలో నేర్పిస్తారు. కానీ బొమ్మల్లెక్క నిలబడరు. వాళ్లకు కుర్చీలు కావాలి" అన్నాము. ఆమె ఒప్పుకున్నది. ఆ రోజు ఎక్కువ మంది గుమిగూడింది ఆ గునుగు కట్టే టేబుల్ దగ్గరే. తమిళం, హిందీ, మలయాళం మాట్లాడే పిల్లలు వచ్చి కూర్చొని కట్టారు. పండుగ తెలియనివాళ్లకు చేతికి పని ఇస్తే కలిసిపోతారు. దూరం నుంచి చూడమంటే ఫోన్ చూసుకుంటారు.

బతుకమ్మ ఆడేటప్పుడు కూడా రావాలనుకున్నవాళ్లే వచ్చారు. వేరే మతం వాళ్లు, ఇష్టం లేనివాళ్లు గాజుల దగ్గర, తిండి దగ్గర ఉన్నారు. ఎవరినీ లాగొద్దని మన పిల్లలకు ముందే చెప్పుకున్నాము.

చీకటైన ఆ మూడు నిమిషాలు

ఇప్పుడు చెప్పేది మా తప్పు. ఎవరి మీదా వేయడం లేదు.

ఏడున్నర అయింది. వంద మంది మూడు వరుసల్లో ఆడుతున్నారు. చిన్న పిల్లలు మధ్యలో ఉన్నారు. టీ మిషన్, రెండు హాట్‌కేసులు స్టేజీ పక్క బోర్డుకే పెట్టాము, ఒక్కటే ఎక్స్‌టెన్షన్ తీగకు. సౌండ్ బాక్సులూ దానికే ఉన్నాయి. మామూలు చిన్న సాకెట్ పదమూడు వందల వాట్ల దాకా మోస్తుంది. పెద్ద సాకెట్ మూడున్నర వేల దాకా మోస్తుంది. మేము పెట్టిన సామాన్లన్నీ కలిపితే అంతకు ఎక్కువ. తీగ వేడెక్కింది, బోర్డు పడిపోయింది. స్టేజీ, హాల్లో సగం లైట్లు ఆరిపోయాయి.

అందరూ ఆగారు. వెనక తలుపు తీద్దామని ఒక చెల్లె పోయింది. తలుపు రాలేదు. చూస్తే మా ఖాళీ గంపలు, ప్లాస్టిక్ డబ్బాలు దానికి అడ్డంగా పేర్చి ఉన్నాయి. మేమే పెట్టాము. మధ్యాహ్నం "ఈ తలుపు ఎవరూ వాడరులే" అనుకొని పెట్టాము.

మూడు నిమిషాలకు కరెంటు వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ పాట మొదలైంది, ఆడినవాళ్లు మర్చిపోయారు. మేము మర్చిపోలేదు.

అంతకు నెల ముందే, 2025 ఆగస్టులో, మన రామంతాపూర్‌లోనే కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ రాత్రి ఈ బస్తీల్లో ఎవరమూ నిద్రపోలేదు. ఆ దుఃఖం చూసినవాళ్లమే రెండు నెలలు తిరగకముందే ఒక తీగకు నాలుగు మిషన్లు తగిలించాము. 1997లో ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో మంటలు లేస్తే బయటపడే దారి లేక 59 మంది పోయారు. దారి మూసేది ఎప్పుడూ "ఎవరూ వాడరులే" అన్న మాటే.

అందుకే ఈ మూడు మాటలు ప్రతి సంఘం రాసుకోవాలి. పండుగ మొదలయ్యే ముందు మనలో ఒకరు అన్ని తలుపులూ స్వయంగా తెరిచి చూడాలి. వేడి చేసే మిషన్ ఒక్కో సాకెట్‌కు ఒక్కటే ఉండాలి, సౌండ్ తీగకు అసలు పెట్టొద్దు. తడి పూలు, నీళ్ల బకెట్లు తీగలకు దూరంగా ఉండాలి. ఈ పని చూసే మనిషికి వేరే ఏ పనీ చెప్పొద్దు. వడ్డన కూడా వద్దు.

డబ్బు లెక్క

ఇక అందరూ ఎదురుచూస్తున్న మాట.

మొత్తం పని 1,60,000 రూపాయలకు ఒప్పుకున్నాము. అడ్వాన్స్ 40,000 వచ్చింది. సరుకులు, పూలు, గ్యాస్, ఆటో ట్రాలీ, పాత్రల కిరాయి అన్నీ కలిపి 86,000 అయినాయి. అంటే 46,000 మన దగ్గర నుంచి పెట్టాము. అందులో 30,000 సమాఖ్య నిధి నుంచి నూటికి రూపాయి వడ్డీకి తీసుకున్నాము. మిగతా 16,000 కోసం మన కమిటీ అక్క ఒకామె గాజులు కుదువ పెట్టింది, నూటికి రెండు రూపాయలకు. అది మాకు చెప్పకుండా చేసింది. చెప్తే మేము వద్దంటామని ఆమెకు తెలుసు. ఇరవై ఎనిమిది మందికి మూడు రోజుల కూలి, రోజుకు 500 చొప్పున 42,000.

పండుగ అయిన నాలుగో రోజే బిల్లు ఇచ్చాము. డబ్బు నాలుగు నెలలకు వచ్చింది. "అకౌంట్స్‌లో ఉంది", "సార్ సెలవులో ఉన్నారు", "వచ్చే సోమవారం" అని విన్నాము. ఆ నాలుగు నెలలు ఇరవై ఎనిమిది మందికి కూలి రాలేదు. కొందరు సంఘం కిస్తు కట్టలేకపోయారు. ఒక చెల్లె బిడ్డ ఫీజు ఆలస్యమైంది. కిస్తు ఆగితే సంఘం మార్కు పడిపోతుంది, మిగతా సభ్యుల లోన్ ఆగుతుంది. ఒకరి బిల్లు ఆలస్యం పది ఇండ్లను ఎట్లా తిప్పుతుందో కళ్లారా చూశాము.

వచ్చినప్పుడు కూడా తివాచీ మరకకు హాలు వాళ్లు అడిగారని 8,000 కోసుకున్నారు. చిన్న పట్టా పరిచిన తప్పు ఇదే. టీడీఎస్ కింద 3,200 పట్టుకున్నారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేస్తే తిరిగి అడగొచ్చు. నాలుగు నెలల వడ్డీలు 2,480. అన్నీ పోను, టీడీఎస్ వాపస్ వస్తే కలుపుకొని, సమాఖ్యకు మిగిలేది 21,520 రూపాయలు. వడ్డీ, మరక లేకపోతే 32,000 మిగలాల్సింది.

గాజులు విడిపించి ఆ అక్క చేతికి ఇచ్చిన రోజు మేము ఒక మాట అనుకున్నాము. ఇకమీదట ఏ సభ్యురాలి బంగారం మీదా సమాఖ్య పని నడవొద్దు.

చట్టం ఏమంటది

ఈ నాలుగు నెలల్లో మేము ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నది మీకు చెప్తాము.

చిన్న పరిశ్రమల కోసం 2006లో ఒక చట్టం వచ్చింది. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థ వస్తువు తయారుచేసి ఇచ్చినా, వంట వంటి సేవ చేసినా, కొన్నవాళ్లు రాసుకున్న గడువులోపల డబ్బు కట్టాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకు మూడింతలు, చక్రవడ్డీ కట్టాలి. కట్టకపోతే ఫిర్యాదు చేయడానికి ప్రత్యేక కౌన్సిల్ ఉంది. 2024 నుంచి ఆదాయపు పన్నులో ఇంకో మాట కూడా కలిసింది. ఇట్లా గడువు దాటించిన డబ్బును, కట్టేదాకా కంపెనీ తన ఖర్చుల్లో చూపించుకోలేదు. అందుకే ఉద్యం నంబర్ బిల్లు మీద ఉంటే అకౌంట్స్ వాళ్లే తొందరపడతారు.

ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, స్వయం సహాయక సంఘం పేరు మీద కూడా చేసుకోవచ్చు. ఎవరన్నా డబ్బులు అడిగితే ఇయ్యకండి. పని ఒప్పుకునే నాటికే అది మన చేతిలో ఉంటే ధైర్యంగా అడగగలం. మా దగ్గర అప్పుడు లేదు. ఇప్పుడు ఉంది.

వేరేచోట్ల వాళ్లు

మనం మొదటివాళ్లం కాదు. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారు, అదే లిజ్జత్. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ ఆడవాళ్లు క్యాంటీన్లు, కేటరింగ్ యూనిట్లు నడుపుతున్నారు. మన రాష్ట్రంలో 2024 నుంచి సంఘాల మహిళలతో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలైనాయి. వాళ్లందరూ మనలాగే పొయ్యి దగ్గరి నుంచే వచ్చారు. వాళ్లకు మనకు తేడా చేతి రుచిలో లేదు. లెక్క, కాగితం, గడువు వాళ్లు ముందు నేర్చుకున్నారు.

ఈ సభ ముందు పెడుతున్నవి

పండుగ పని మళ్లీ తీసుకోవాలనే మా కమిటీ అభిప్రాయం. అయితే ఈ ఎనిమిది షరతులు తీర్మానం చేయాలని కోరుతున్నాము.

1. తేదీ ఒప్పుకునే ముందు పండుగ రోజుల క్యాలెండర్ చూడాలి. మన సభ్యుల ఇండ్లల్లో కూడా పండుగ ఉంటుందని గుర్తుంచుకోవాలి. సద్దుల నాడు పని ఒప్పుకోవద్దు.

2. టేపు పట్టుకొని ఇద్దరు హాలు చూసి రాకుండా రేటు చెప్పొద్దు. తలుపు, మెట్లు, నేల, సాకెట్లు, బాత్‌రూమ్‌లు రాసుకొని రావాలి.

3. అడ్వాన్స్ సగం. సరుకుల ఖర్చు మొత్తం అడ్వాన్స్‌లో రావాలి. అంతకు తక్కువైతే పని వద్దు.

4. మిగతా డబ్బు 15 రోజుల్లో ఇయ్యాలని కాగితం మీద రాయించాలి. ఉద్యం నంబర్, ఆహార రిజిస్ట్రేషన్ నంబర్, పాన్ నంబర్ బిల్లు మీద ఉండాలి.

5. నష్టం జరిగితే ఎవరు భరించాలి, ఎంతవరకు అనేది ముందే రాసుకోవాలి. పని మొదలయ్యే ముందు, అయిపోయాక హాలు ఫోటోలు తీసుకోవాలి.

6. కరెంటుకు, తలుపులకు, పొయ్యికి ఒక బాధ్యురాలు ఉండాలి. ఆమె మాటే ఆ రోజు చివరి మాట. అధ్యక్షురాలైనా వినాలి.

7. పనిచేసే మన ఆడవాళ్లకు కుర్చీ, తిండి, బాత్‌రూమ్, రాత్రి ఇంటికి బండి ఉండాలి. రాత్రి తొమ్మిది దాటితే బండి ఖర్చు రేటులోనే కలపాలి. ఆ రోజు మేము టీవీ స్టూడియో దగ్గర దిగి సందుల్లోకి నడిచి పోయాము. అందరూ చేరారని ఫోన్‌లు వచ్చేసరికి పన్నెండయింది.

8. కూలి డబ్బు బిల్లుతో ముడిపెట్టొద్దు. వారంలోపల సమాఖ్య ఇయ్యాలి. దానికోసం పోయినేడు మిగిలిన 21,520 రూపాయలను వేరే నిధిగా పెట్టాలని, ఎవరికీ పంచొద్దని మేము అడుగుతున్నాము. ఇరవై ఎనిమిది మందిని విడిగా అడిగాము. అందరూ సరే అన్నారు. ఇప్పుడు మీరు చెప్పాలి.

చివరి మాట

ఆ రాత్రి కంపెనీ వాళ్లు వెళ్లిపోయాక హాలు ఊడ్చాము. ఆరడుగుల బతుకమ్మను హాల్లో నీళ్లల్లో వదలడానికి లేదు. కంపెనీ వాళ్లు "చెత్త బండికి ఇచ్చెయ్యండి" అన్నారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకు తెలియదు. మేము పూలన్నీ గంపల్లోకి ఎత్తుకొని ట్రాలీలో మన బస్తీకి తెచ్చాము. పొద్దున పిల్లలు, ముసలివాళ్లు అందరూ వచ్చి పాట పాడుకుంటూ సాగనంపారు. డబ్బులిచ్చి చేయించుకున్న బతుకమ్మ కూడా పోయేటప్పుడు మన పాటతోనే పోయింది.

ఈ పండుగ మన అమ్మలు మనకు ఇచ్చారు. అది అమ్ముకుంటున్నామా అని ఒక పెద్దమ్మ అడిగింది. మేము చాలా ఆలోచించాము. మా జవాబు ఇది: పూలు పేర్చే చేతికి కూలి రావాలి, వండిన చేతికి కూలి రావాలి. అది తప్పు కాదు. పండుగను సగం చేసి, మనుషులను బొమ్మలు చేసి, సభ్యురాలి గాజులు కుదువ పెట్టించి చేస్తే అది తప్పు. ఆ గీత ఎక్కడో మనకు ఇప్పుడు తెలుసు.

ఈ ఎనిమిది షరతులు మీ సంఘం సమావేశాల్లో చదవండి, మాట్లాడండి, తప్పుంటే దిద్దండి. ఈసారి బతుకమ్మకు ఫోన్ వచ్చినప్పుడు ముందు "ఆగండి, హాలు చూసి చెప్తాం" అందాం.